అమ్మవారి దున్నకు మత్తుమందు

మద్రాసులో పశువైద్యం చదివి బందరులో ఉద్యోగానికి వచ్చిన కొత్తలో నాకు ఒక భ్రమ ఉండేది. నిద్ర వేరు, మత్తు వేరు, చావు వేరు అనీ, వాటి మధ్య పొలం గట్లలాగా హద్దులు స్పష్టంగా కనపడతాయనీ అనుకునేవాణ్ణి. పుస్తకంలో అలాగే రాసి ఉండేది మరి. మత్తు మొదటి దశలో పశువు తూలుతుంది, రెండో దశలో గింజుకుంటుంది, మూడో దశలో కదలకుండా పడి ఉంటుంది, నాలుగో దశలో ప్రాణం పోతుంది. పరీక్షలో ఇదంతా గడగడా రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఆ తర్వాత దివిసీమ చివర, సముద్రపు పాయల పక్కన ఉన్న ఒక ఊళ్ళో, అమ్మవారికి వదిలిన దున్నపోతు నా చేతుల్లోనే ఈ దశలన్నిటినీ కలగాపులగం చేసింది. అది జరిగి చాలా ఏళ్ళయింది. నా అయోమయం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

అప్పటికి మోపిదేవి దాటాక ఏరు దాటడానికి బల్లకట్టే గతి. ఆ ఊరి మునసబు గారు పంపిన మనిషి పొద్దున్నే ఆసుపత్రి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అమ్మవారి దున్నకు నోట్లో గాలం దిగిందనీ, మేతా నీళ్ళూ మానేసిందనీ, డాక్టరు గారు ఉన్నపళంగా రావాలనీ కబురు. నేను మందుల పెట్టె సర్దుకున్నాను. మా కాంపౌండరు చుట్ట వెలిగించుకున్నాడు. వయసులో నాకంటే బాగా పెద్దవాడు, ఎక్కడికి బయల్దేరినా ముందు సణిగి తర్వాత లేచేవాడు.

మాది గుడివాడలో బడిపంతుళ్ళ ఇల్లు. మా ఇంట్లో దేవుడి ముందు కొబ్బరికాయ కంటే పెద్దది ఏదీ కొట్టి ఎరగం. అందుకని అమ్మవారి దున్న అంటే ఏమిటో బండిలో కాంపౌండరు చెబితే తప్ప నాకు తెలియలేదు. ఒక ఏడు ఊళ్ళో కలరా వచ్చి జనం చచ్చిపోతుంటే, ఊరంతా కలిసి మొక్కుకుని ఒక దున్నదూడను అమ్మవారి పేరున వదిలారు. దానికి తాడు కట్టరు, పని చేయించరు. ఎవరి చేలో పడి మేసినా అదిలించరు. జాతర వచ్చిననాడు గుడి ముందు బలి ఇస్తారు. ఆ జాతర వచ్చే ఫాల్గుణంలోనే ఉంది. ఈలోగా అది తిండి లేక దానంతట అది చస్తే మొక్కు చెడుతుంది, ఊరికి కీడు మూడుతుంది.

“అంటే మనం దాన్ని బతికించాలి” అన్నాను.

“అవునండి.”

“వాళ్ళు చంపుకోవడానికి.”

“అంతేనండి. మీకు అర్థమైపోయింది.”

“నాకేం అర్థం కాలేదు” అన్నాను చిరాగ్గా. ఆయన చుట్ట పొగ బండి బయటికి వదిలి, అలవాటవుతుంది లెండి అన్నాడు.

గుడి అంటే నాలుగు మట్టిగోడలూ, పైన తాటాకు కప్పూ. ఆ నీడలో దున్న నిలబడి ఉంది. ఎముకల గూడు చూస్తే మంచి భారీ పశువే. కానీ కండ కరిగిపోయి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. నోటి చివర నుంచి జొల్లు తీగలు సాగుతోంది, దానితో పాటు జానెడు గాలపు తాడు వేలాడుతోంది. పక్కనే ఒక ముసలమ్మ చెంగుతో దాని మూతి తుడుస్తూ ఉంది. జనమంతా దూరంగా ఉన్నారు, ఆవిడ ఒక్కతే దాన్ని ముట్టుకుని ఉంది.

చేపలమ్ముకుని బతికే మనిషి. ఆ దున్న పొద్దు వాలే వేళకు రోజూ ఆవిడ గుడిసె దగ్గరికే వచ్చేదట, గంజి తాగడానికి. వారం కిందట ఒక పూట ఆవిడ కొడుకు గాలాలకు తవుడు ముద్దలు గుచ్చి తాడు చుట్టి పెట్టుకున్నాడు. దున్నకు తవుడు వాసన తగిలింది. దానికి అడ్డు చెప్పే అలవాటు ఊళ్ళో ఎవరికీ లేదు కాబట్టి వెళ్ళి ముద్దలు తినేసింది. ఒక గాలం నాలుక మొదట్లో దిగింది. ఇప్పుడు ఊరంతా, అమ్మవారి సొమ్ము మీ ఇంటి గాలానికి చిక్కింది, అది చస్తే ఆ పాపం మీదే అంటున్నారు. ఆవిడ దాని మూతి తుడుస్తూనే ఉంది.

మునసబు గారు మర్యాదస్తులు. నాకు కుర్చీ వేయించి, కొబ్బరి బొండాం ఇప్పించి, “ఎలాగైనా గట్టెక్కించాలండీ. జాతర దాకా నిలబడితే చాలు” అన్నారు. పక్కన అమ్మవారి పూజారి నిలబడ్డాడు. పెద్ద బొట్టుతో, ఎక్కువ మాట్లాడని మనిషి. గాలం తియ్యాలంటే దాన్ని మత్తిచ్చి పడుకోబెట్టాలి అని నేను చెప్పగానే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“అమ్మవారి జీవాన్ని కింద పడేస్తే డప్పులు మోగాలండి” అన్నాడు పూజారి. “ఊరికే పడెయ్యకూడదు. పసుపు నీళ్ళు కూడా దగ్గర ఉండాలి.”

చప్పుడు ఉంటే పశువు బెదురుతుంది, మందు సరిగ్గా ఎక్కదు అని చెప్పాను. మునసబు గారు నొచ్చుకుంటూనే, “ఇది మా చేతుల్లో లేదండీ” అన్నారు. వాదించి లాభం లేదు. మందు పూర్తిగా ఎక్కాక చెవులు పనిచెయ్యవు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. దాని చెవుల గురించి ఆలోచించాను గానీ నా చెవుల సంగతి నాకు తట్టలేదు.

నీళ్ళు మరిగించి క్లోరల్ అనే మత్తుమందు కలుపుతుంటే ముసలమ్మ వచ్చి కాస్త ఎడంగా కూర్చుంది.

“ఇది నిద్దర మందా బాబూ?”

అవునన్నాను.

“నిద్దర్లో ఉన్నంతసేపూ దాని ప్రాణం ఎక్కడుంటాది?”

నాకు నవ్వొచ్చింది. “ఎక్కడికీ పోదమ్మా, లోపలే ఉంటుంది. తెలివి ఒక్కటే పోతుంది. మెదడు పడుకుంటుంది, గుండే ఊపిరీ వాటి పని అవి చేసుకుంటూ ఉంటాయి” అని క్లాసులో చెప్పినట్టు చెప్పాను. ఆవిడ తలాడించింది. ఎవరూ వినకుండా, “బతికినా నెల తిరక్కుండా దీన్ని నరుకుతారు బాబూ. బతక్కపోతే నా కొడుకుని ఊళ్ళో ఉండనివ్వరు. నేనేం కోరుకోవాలో నాకు తెలవట్లేదు” అంది. నాకూ తెలియలేదు. మందు వడకట్టే పని ఉన్నందుకు సంతోషించాను.

మోతాదు దగ్గర నా మొదటి చిక్కు వచ్చింది. బరువును బట్టి మందు ఇవ్వాలి. తూచే సాధనం లేదు, చూసి అంచనా కట్టాలి. గూడు చూసి కట్టాలా, మిగిలిన కండ చూసి కట్టాలా? రోజుల తరబడి నీళ్ళు లేక ఎండిన ఒంట్లో రక్తం చిక్కబడి ఉంటుంది, కొద్ది మందే ఎక్కువ పనిచేస్తుంది. క్లోరల్‌ను అరగదీసి పారేసేది కాలేయం. ఆకలికి అది నీరసపడి ఉంటే మందు ఒంట్లోనే తిష్ఠ వేస్తుంది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసినవన్నీ ఒక్కసారే గుర్తొస్తే ఏమీ తెలియనట్టే ఉంటుంది. చివరికి పుస్తకం చెప్పినదానికి కొంచెం తగ్గించి, తగ్గించినందుకు మళ్ళీ భయపడి, కొంత మందు వేరే సీసాలో దగ్గర పెట్టుకున్నాను.

మెడ నరంలోకి సూది ఎక్కించి, రబ్బరు గొట్టానికి గరాటు తగిలించి, మందు పోస్తూ వచ్చాను. సూది జారి మందు నరం బయట పడితే అక్కడి కండ కుళ్ళిపోతుంది, అందుకని ఊపిరి బిగబట్టి పట్టుకున్నాను. దున్న ముందు తల వాల్చింది. తర్వాత వెనక కాళ్ళు తడబడ్డాయి. మగవాళ్ళు తాళ్ళు పట్టుకుని దాన్ని కుడి పక్కకు మెల్లగా వాల్చారు. అది నేల తాకడమే ఆలస్యం, డప్పులు మొదలయ్యాయి. వాటి దెబ్బకు నా కాళ్ళ కింద నేల అదిరింది.

నోరు తెరిచి దవడల మధ్య కట్టె పెట్టాం. నెత్తురూ జొల్లూ ఊపిరి గొట్టంలోకి పోకుండా మూతి పల్లానికి ఉండేలా మెడ కింద గడ్డి ఎత్తుగా వేయించాను. పట్టకారుతో గాలాన్ని అలా తాకానో లేదో ముందు కాలు ఝాడించింది. నిద్రపోతున్న పశువుకు నొప్పి ఎలా తెలిసింది? క్లోరల్‌తో వచ్చిన చిక్కే అది. నిద్ర బాగా పుట్టిస్తుంది, నొప్పిని అంతగా అణచదు. తెలివి లేదు, బాధ ఉంది. మరి బాధపడేది ఎవరు? ఆ ప్రశ్నకు అప్పుడు తీరిక లేదు. రెండో సీసాలోది కాస్త పోశాను. ఒక విషయం నాకు తెలుసు, క్లోరల్ ఆలస్యంగా ఎక్కుతుంది, పోసిన తర్వాత కూడా మత్తు ముదురుతూనే ఉంటుంది. తెలిసి కూడా ఆగలేకపోయాను, ఎదురుగా కాలు కదులుతోంది మరి.

గాలం వెనక్కి లాగితే రాదు, ముల్లు అడ్డం పడుతుంది. ముందుకే నెట్టి, ముల్లు కండలోంచి బయటికి పొడుచుకు వచ్చాక దాన్ని కత్తిరించి, అప్పుడు వెనక్కి తీశాను. నెత్తురు ధారగా మూతి మీదుగా కారి గుడి ముందు మట్టిలో పడింది. గాలాన్ని పట్టకారుతో పైకెత్తి జనానికి చూపించాను. చిన్నతనం, చూపించాలనిపించింది.

“సార్, పొట్ట చూడండి” అన్నాడు కాంపౌండరు నా చెవి దగ్గర అరిచి.

ఎడమ డొక్క ఉబ్బి బిగిసి ఉంది. మెలకువగా ఉన్న పశువు పొట్టలో పుట్టే గాలిని తేన్పులతో వదిలేస్తూ ఉంటుంది. మత్తులో పక్కకు పడుంటే ఆ దారి మూసుకుపోతుంది. ఉబ్బిన పొట్ట ఊపిరితిత్తులను నొక్కుతుంది. పక్కటెముకలు చూశాను. కదలడం లేదు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను, గాలి లేదు. కనుగుడ్డు మీద వేలు ఆనించాను, రెప్ప పడలేదు. మూడో దశ దాటిపోయింది. నాలుగో దశలో ఉందా, నాలుగోది కూడా అయిపోయిందా?

స్టెతస్కోపు తీసి ముందు కాలి వెనక పెట్టాను. డప్పులు తప్ప ఏమీ వినపడలేదు. ఆపమని చెయ్యి గట్టిగా ఊపాను. డప్పులవాళ్ళకు అది ఇంకా జోరుగా కొట్టమన్నట్టు కనపడింది కాబోలు, దరువు పెంచారు. దవడ కింద నాడి పట్టి చూశాను. ఏదో కొట్టుకుంటున్నట్టే ఉంది. అది దున్న నాడో, నా వేలి నాడో, డప్పుల దెబ్బకు అదిరే నేలో చెప్పలేను. అప్పుడూ చెప్పలేకపోయాను, ఇప్పుడూ చెప్పలేను.

అందర్నీ కేకేసి దాన్ని రొమ్ము మీదికి తిప్పించాను. కాంపౌండరు నాలుక పట్టి బయటికి లాగాడు. నేను పక్కటెముకల మీద రెండు చేతులూ వేసి నొక్కుతూ వదులుతూ ఉన్నాను. చచ్చిపోయావా అని దాన్ని అడిగినట్టు గుర్తు. చావకు అని కూడా అన్నాను. అంతవరకూ అది నాకు ఒక కేసు. నా చేతుల కింద ఆ ఎముకలు వేడిగా తగులుతుంటే, ఫాల్గుణం మాట మర్చిపోయి, ఇది బతకాలి అని మాత్రమే అనుకున్నాను. ఏడుపు కూడా వచ్చింది.

కాంపౌండరుకు ఏం తోచిందో, స్పృహ తప్పిన మనిషి మొహాన చల్లినట్టు, చేతికి అందిన కుండ ఎత్తి దాని నెత్తి మీద కుమ్మరించాడు. అది పూజారి పెట్టుకున్న పసుపు నీళ్ళ కుండ. సరిగ్గా అప్పుడే దున్న పొట్టలోంచి పెద్ద తేన్పు వచ్చింది. వెంటనే ఒక ఊపిరి లోపలికి పోయింది, ఆగింది, ఇంకొకటి పోయింది. తర్వాత తల నుంచి తోక దాకా ఒళ్ళంతా వణికి, చెవులు టపటపా కొట్టుకుని, నీళ్ళు చిందేలా ఒక్కసారి విదిలించింది.

డప్పులు వాటంతటవే ఆగిపోయాయి. జనమంతా చేతులు జోడించారు. నాకే అనుకుని నేను కూడా తిరిగి నమస్కారం పెట్టాను. ఎవరూ నా వంక చూడడం లేదని కాసేపటికి గాని తెలియలేదు.

కాంపౌండరు నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. బలికి ముందు జీవం మీద పసుపు నీళ్ళు పోస్తారు. అది ఒళ్ళు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. విదిలించేదాకా కత్తి ఎత్తరు. “మనం అనుకోకుండా తంతు నడిపేశాం సార్” అన్నాడు, తన చేతిలో కుండ ఉందని అప్పుడే చూసుకున్నట్టు దాన్ని దించుతూ.

పూజారి దున్న చుట్టూ తిరిగి, నెత్తురు పడిన మట్టి చూసి, మునసబు గారి దగ్గరికి వచ్చాడు. “డప్పులు మోగాయి. గుడి ముందు నెత్తురు పడింది. ప్రాణం పోయింది. నీళ్ళు పోస్తే ఒళ్ళు విదిలించింది. అమ్మవారికి ఇయ్యాల్సిందంతా ఇచ్చేశాం. మళ్ళీ జాతరకి దీన్నే ఇస్తే ఎంగిలి పెట్టినట్టు.”

“తల అలాగే ఉందిగా” అన్నారు మునసబు గారు. ఆయన ఎగతాళికి అనలేదు. ఊరి మొక్కు ఆయన మెడకు చుట్టుకుని ఉంది. “ప్రాణం పోయిందని నువ్వంటే సరిపోదు. నిద్రమందని డాక్టరు గారే చెప్పారు. పడుకుని లేచిందయితే ఏమీ ఇవ్వనట్టే. పోయి వచ్చిందయితే ఇచ్చినట్టే. డాక్టరు గారూ, మీరు చదువుకున్నవారు, మీరు చెప్పండి. ఇది చచ్చిందా, నిద్రపోయిందా?”

ముసలమ్మ దున్న తల ఒళ్ళో పెట్టుకుని నా వంక చూసింది. ఇందాక నేను ఆవిడకు గడగడా చెప్పిన జవాబు నా నోట్లోనే అడ్డం పడింది. చచ్చిందని ఒక్క మాట అంటే దున్న బతుకుతుంది. నిద్రపోయిందంటే ఫాల్గుణంలో చస్తుంది. అబద్ధం చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు, కానీ ఏది అబద్ధమో తెలియాలి కదా. ఊపిరి ఆగింది. ఊపిరి ఆగినంత మాత్రాన చావు కాదని చదివాను. గుండె ఆగితే చావు అని చదివాను. కాసేపు ఆగి మళ్ళీ కొట్టుకునే గుండె గురించి కూడా చదివాను, అది ఏ పేజీలో ఏ పేరు కింద ఉందో గుర్తు రాలేదు. ఒళ్ళు ఎందుకు విదిలించింది? మత్తులో ఉన్న ఒంటి మీద చన్నీళ్ళు పడితే వణుకుతుంది. ఆ వణుకు వేరూ, అమ్మవారి ఒప్పుదల వేరూ అని చెప్పడానికి నా దగ్గర ఏముంది?

“ఊపిరి ఆగిన మాట నిజం” అన్నాను. “గుండె ఆగిందో లేదో నాకు తెలియదండీ. డప్పుల్లో వినపడలేదు.”

మునసబు గారి మొహం వాడిపోయింది. పూజారి మాత్రం చాలా మామూలుగా, “డప్పులు అందుకేగా బాబూ” అన్నాడు. “ప్రాణం ఎప్పుడు పోయిందో ఎవరికీ వినపడకూడదనేగా మేం కొట్టేది. వినపడలేదంటే తంతు సరిగ్గానే జరిగింది.”

అంతే. మునసబు గారు, “అయితే అమ్మవారు తీసుకున్నట్టే” అన్నారు. జాతరకు ఇంకో దూడను చూసుకుందామనుకుంటూ జనం వెళ్ళిపోయారు. ఆ మాట నా చెవిన పడింది. అది కూడా ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. పూజారి నిజంగా నమ్మి అన్నాడా, ముసలమ్మ మొహం చూసి అన్నాడా అన్నది కూడా నాకు ఈనాటికీ అంతుపట్టలేదు.

మత్తు దిగేదాకా పశువును వదిలి కదలకూడదు. దానికి గోనెలు కప్పించి, పక్కకు ఒరిగిపోకుండా ఆనుగా గడ్డి మోపులు పెట్టించి కూర్చున్నాను. కాంపౌండరు భోజనానికి వెళ్ళాడు. ఎండ మెత్తబడింది. ముసలమ్మ ఎక్కడి నుంచో ఒక తాడు తెచ్చుకుని దగ్గర పెట్టుకుంది.

“ఇప్పుడిది ఎవరిదీ కాదంట” అంది. “రేపు నేను కట్టేసుకుంటా.”

గాలి కూడా లేదు, ఊరంతా సద్దుమణిగింది. స్టెతస్కోపు పెట్టి చూశాను. నింపాదిగా, గట్టిగా కొట్టుకుంటోంది. అంతసేపూ నేను వెతికిన చప్పుడు అదే. ఆవిడ నా మొహం వంకే చూస్తుంటే, గొట్టాలు తీసి ఆవిడ చెవులకు పెట్టాను. ఆవిడ కదలకుండా విన్నది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

“ఇది ఇందాక కూడా కొట్టుకుందా బాబూ?” అంది.

నేను ఏదో చెప్పబోయాను. ఏం చెప్పబోయానో నాకే తెలియదు. ఆవిడ గబుక్కున గొట్టాలు తీసి నా చేతిలో పెట్టి, గుడి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

“వద్దు బాబూ. చెప్పమాకండి.”